ఫౌజ్‌దారు పోయాడు, ఖాజీ మిగిలాడు

మిరపచేను గట్టు దగ్గర తగాదా వచ్చి తలలు పగిలితే, మన పల్లెల్లో ఈనాటికీ "ఫౌజ్‌దారీ కేసయింది" అంటారు. ఫిర్యాదు, జామీను, దస్తావేజు, వకాలతు అన్నీ ఆ కాలపు మాటలే. మాట మిగిలింది గాని ఆ ఫౌజ్‌దారు ఎవరో మన పిల్లలకు తెలియదు. అందుచేత ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

కొండవీడు 1579-80 ప్రాంతంలో కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. ఆ సీమకే ముర్తుజానగర్ సర్కారు అని పేరు. 1687లో గోల్కొండ మొగలాయీల పరమైన తరువాత సర్కారుకొక ఫౌజ్‌దారు ఉండేవాడు. ఇంగ్లండులో కౌంటీకి షెరీఫ్ ఎట్లాగో ఇక్కడ ఈయన అట్లాగన్నమాట. (ఆ షెరీఫ్‌కూ మన షరీఫ్ సాహెబులకూ చుట్టరికం ఏమీ లేదు లెండి!) దారిదోపిడీలు అణచడం, శిస్తు వసూలులో అమీలుకు అండగా నిలవడం ఆయన పని. పట్నంలో కొత్వాలు, న్యాయానికి ఖాజీ.

తక్కిన ఉత్తర సర్కారులు 1766 నాటికే కుంపెనీవారికి దక్కినా, గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండిపోయింది. ఆయన 1782లో చనిపోయాడు. 1788లో గుంటూరు కుంపెనీ పాలనలోకి వెళ్ళింది. ఇక ఫౌజ్‌దారు అధికారమంతా కలెక్టరుకూ, జిల్లా కోర్టుకూ పోయింది. 1816లో మన్రో దొరగారి రెగ్యులేషన్లతో గ్రామ మునసబుకు 10 రూపాయల లోపు వ్యాజ్యాలు విచారించే హక్కు, ఊరి పోలీసు బాధ్యత వచ్చాయి. 1859లో పోలీసుశాఖ వేరైంది. మునసబు పదవి మాత్రం, కోరలు ఒక్కొక్కటే ఊడిపోతూ, 1984 జనవరి దాకా సాగింది. ఆ ఏడు కరణాలతో పాటు మునసబులూ ఇంటికి వెళ్ళారు.

అసలు చెప్పుకోవలసింది ఖాజీగారి సంగతి. మొదట ఆయన న్యాయాధికారి. కుంపెనీ కోర్టుల్లో కూడా మన ధర్మశాస్త్రం చెప్పడానికి ముస్లిం న్యాయాధికారులు ఉండేవారు. 1862లో శిక్షాస్మృతి అమలుకు వచ్చాక ఆ అవసరం పోయింది. 1864లో సర్కారువారు ఖాజీలను మేము నియమించము అని చట్టమే చేశారు. దానితో చిక్కు వచ్చిపడింది. కొన్ని ప్రాంతాల్లో సర్కారు నియమించిన ఖాజీ ఎదుట నికా జరగడం ఆచారం. నియమించేవారే లేకపోతే ఎట్లా? సర్ సయ్యద్ అహ్మద్‌ఖాన్ గారు వైస్రాయి శాసనసభలో పూనుకోగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొట్టమొదట వర్తించింది మన మద్రాసు రాజధానికే! అంటే గుంటూరు, ఒంగోలు సీమలు మొదటి నుంచీ అందులో ఉన్నవే.

ఆ చట్టం నాలుగే సెక్షన్లు. ఒక ప్రాంతపు ముస్లిములు తగినంతమంది కోరితే, అక్కడి పెద్దలను సంప్రదించి ప్రభుత్వం ఖాజీని నియమించవచ్చు. ఆయన నాయబు ఖాజీలను పెట్టుకోవచ్చు. అయితే తీర్పు చెప్పే అధికారం లేదు. ఖాజీ రాకపోతే నికా చెల్లదనీ లేదు. మా దృష్టిలో పెద్ద లోటు మరొకటి: రిజిస్టరు ఎట్లా వ్రాయాలి, ఎక్కడ దాచాలి అన్న ముక్క ఆ చట్టంలో లేనే లేదు.

దీని ఫలితం మేము కళ్ళారా చూచాము. పత్తి, మిరప డబ్బు చేతికొచ్చాక వేసవిలో వరసగా నికాలు. పందిట్లో దీపం వెలుతురున వ్రాసిన మహర్ ఎంతో, గవాలు ఎవరో ఆ దఫ్తరులోనే ఉంటుంది. ఖాజీగారు కాలం చేస్తే దఫ్తరు ఆయన ఇంటి ట్రంకుపెట్టెలోకి పోతుంది. ఆ పైన చెదలు. భర్త పోయిన ఒక చెల్లెలు పింఛను కోసం పెళ్ళి కాగితం అడిగితే, మేము మూడు ఊళ్ళు తిరిగాము. ముగ్గురు పెద్దలు నికా చూచామన్నారు, వ్రాత మాత్రం దొరకలేదు. చివరకు అఫిడవిట్టుతో పని జరిగింది గాని, 40 ఏళ్ళ కాపురానికి ఆమె ఆఫీసులో నిలబడి సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది.

2002లో మన రాష్ట్రంలో వివాహాల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కొత్త జంటలకు అది ఆధారం. పాత జంటలకు ఆ దఫ్తరులే దిక్కు. మీ ఇళ్ళలో ఖాజీ, నాయబు ఖాజీ పెద్దల రిజిస్టర్లు ఉంటే, ఉర్దూలో ఉన్నా తెలుగులో ఉన్నా, అటక మీద నుంచి దింపి సంఘానికి కబురు పెట్టండి. నకలు తీసుకొని అసలు మీకే తిరిగి ఇస్తాము.