చివరి వరుసకు మాట చేరవలెను

కర్మాగారములలో పనివారికి శిక్షణ యిచ్చు గదికి వైశాల్య మొక్కటే చాలదు. బోధకుని మాట చివరి వరుసవారికిని స్పష్టముగా వినబడవలెను. ఇంత పెద్ద సమస్యను మెదకు పట్టణమందలి చర్చి నిర్మాతలు ఎదుర్కొనిరి.

కరువు రోజులలో ప్రజలకు పనియు తిండియు కల్పించుటకై చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో దీని నిర్మాణమునకు పూనుకొనెను. 1924 డిసెంబరు 25న ఇది ప్రతిష్ఠింపబడెను. ఇందు సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును.

గట్టి రాయి, నున్నని నేల ధ్వనిని త్రిప్పికొట్టును. ఒక మాట అణగకముందే మరొకటి వచ్చి రెండును కలగాపులగమగును. అందుచే పైకప్పు లోపల స్పంజివంటి బోలు పదార్థమును వాడిరి. అట్టి పదార్థముల సూక్ష్మరంధ్రములలో గాలి ఒరసికొని ధ్వనిశక్తి ఉష్ణముగా మారును.

రేకుల కప్పు క్రింద శిక్షణశాల నేర్పరచువారు మొదట చివరి వరుసలో కూర్చుండి వినవలెను.