ఇంధనంలో ద్రావణుల కలయిక

వాహనాలలో వాడే పెట్రోలు, డీజిలులలో ఎసిటోన్, టోలుయీన్, నాఫ్తా, పెయింటు థిన్నర్, కిరోసిన్ వంటి పదార్థాలను కలపడాన్ని ఇంధనంలో ద్రావణుల కలయిక అంటారు. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. మైలేజీ, పికప్ పెరుగుతాయన్న నమ్మకంతో వాహనదారుడు తన ట్యాంకులో తానే కొన్ని మిల్లీలీటర్లు పోసుకోవడం మొదటిది. లాభం కోసం అమ్మకందారు పెద్ద మొత్తంలో కలపడం రెండవది. మొదటిదానిని చిట్కా అని, రెండవదానిని కల్తీ అని వ్యవహరించినా, కలిపే పదార్థాలు చాలావరకు ఒకటే. భారతదేశంలో పలు పెట్రోలియం ద్రావణులను వాహనాలలో వాడడం 2000వ సంవత్సరం నుండి నిషిద్ధం.

ఎసిటోన్ చిట్కా

ఇది 2000 దశకం మధ్యలో అమెరికా నుండి ఇంటర్నెట్ ద్వారా వ్యాపించింది. లీటరు పెట్రోలుకు రెండు మూడు మిల్లీలీటర్ల ఎసిటోన్ కలిపితే మైలేజీ 15 నుండి 35 శాతం దాకా పెరుగుతుందన్నది దీని సారాంశం. ఎసిటోన్ పెట్రోలు తలతన్యతను తగ్గించి, అది బాగా ఆవిరయ్యేటట్లు చేస్తుందనీ, అందువలన మండకుండా పోయే ఇంధనం కూడా మండుతుందనీ దీనికి వివరణ ఇచ్చేవారు.

ఈ వివరణ లెక్కకు నిలువదు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉండగా, లీటరు ఎసిటోన్‌లో ఉండేది సుమారు 23 మెగాజౌళ్ళు మాత్రమే. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిలు 3 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లోని శక్తితో 110 మీటర్లు నడుస్తుంది. అంతే పెట్రోలుతో 150 మీటర్లు నడుస్తుంది. ఇక మండకుండా పోయే ఇంధనం విషయానికి వస్తే, మంచి స్థితిలో ఉండి వేడెక్కిన నాలుగు స్ట్రోకుల ఇంజనులో 97, 98 శాతం ఇంధనం ఎలాగూ మండుతుంది. ఇంధనశక్తిలో అధికభాగం పొగగొట్టం గుండా, ఇంజను చల్లబడే క్రమంలో వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని ఏ ద్రావణీ ఆపలేదు. రెండు స్ట్రోకుల పాత ఆటోలు, స్కూటర్లలో మండని పెట్రోలు ఎక్కువగానే బయటకు పోయేది. అయితే అందుకు కారణం ఆవిరి కాకపోవడం కాదు, ఇంజను నిర్మాణమే.

చట్టబద్ధంగా కలిపే ఇథనాల్ కూడా మైలేజీని పెంచదు. పెట్రోలులో ఇథనాల్‌ను 20 శాతానికి పెంచితే, దానికి అనువుగా తయారుకాని కార్లలో మైలేజీ 6-7 శాతం, ద్విచక్ర వాహనాలలో 3-4 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది.

మైలేజీ పెరిగినట్లు కనిపించడం

చిట్కా పాటించినవారు అబద్ధం చెబుతున్నారని అనుకోనవసరం లేదు. మైలేజీని కొలిచే పద్ధతిలోనే చిక్కు ఉంది. హైదరాబాదులో పక్కపక్కనే ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలు ఇందుకు మంచి ఉదాహరణ. నారాయణగూడలో కళాశాలలు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వద్ద సినిమా థియేటర్లు, అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణా కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడి ప్రయాణాలు చాలావరకు చిన్నవి. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే గమ్యం వస్తుంది. సిగ్నలు వద్ద ఆగినంతసేపు పెట్రోలు ఖర్చవుతుంది, దూరం మాత్రం పెరగదు.

ఇందిరా పార్కు నుండి వీఎస్టీ వరకు 2.25 కిలోమీటర్ల ఉక్కు వంతెన 2023 ఆగస్టులో ప్రారంభమైంది. ఒకే బండిని ఒక వారం వంతెన మీదుగా, మరో వారం కింద ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా నడిపితే, ఏమీ కలపకుండానే మైలేజీలో తేడా కనిపించగలదు. దీనికి తోడు ట్యాంకు నిండిందని ప్రతిసారీ ఒకే మట్టం వద్ద పంపు ఆపరు. పరీక్ష చేస్తున్నామన్న స్పృహతో నడిపేవారు యాక్సిలరేటరును కూడా మెల్లగా తిప్పుతారు. చక్రాలలో గాలి సరిచూసుకుంటే చాలు, ఆ ఫలితం సీసాలోని ద్రావణి ఖాతాలో పడుతుంది.

ఇంజనుపై, మనిషిపై ప్రభావం

ఎసిటోన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంధన గొట్టాలు, సీళ్ళు, కార్బురేటరులోని ప్లాస్టిక్ భాగాలు దీనివలన పాడయ్యే అవకాశం ఉంది. కిరోసిన్ ఆక్టేన్ విలువ చాలా తక్కువ గనుక ఇంజను కొట్టుకుంటుంది. అది పూర్తిగా మండక మసి పేరుకొంటుంది. టోలుయీన్ సంగతి వేరు. దాని ఆక్టేన్ విలువ అధికం కావడంతో కొట్టుకోవడం తగ్గుతుంది. బండి నునుపుగా నడుస్తున్నదన్న మాట అక్కడినుండే పుట్టి ఉండవచ్చు. కానీ దాని ఆవిరి నాడీమండలానికి హానికరం. ఎసిటోన్ మైనస్ 20 డిగ్రీల వద్దనే నిప్పంటుకోగల ఆవిరిని ఇస్తుంది కాబట్టి హాస్టలు గదిలో సీసాలో నిలువ ఉంచడం ప్రమాదకరం.

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 ద్విచక్ర వాహనాలలో ఆక్సిజన్ సెన్సారు, ఉత్ప్రేరక పరికరం ఉంటాయి. 2007లో ఇంగ్లండు ఆగ్నేయ ప్రాంతంలో సిలికాన్ కలిసిన పెట్రోలు వలన అనేక కార్ల సెన్సార్లు చెడిపోయాయి.

ఇంధన సంస్థలు అధికారికంగా కలిపే డిటర్జెంటు సంకలనాలు వీటికి భిన్నమైనవి. అవి అత్యల్ప మోతాదులో ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచుతాయి. మురికి వలన తగ్గిన మైలేజీని తిరిగి తెస్తాయే గాని కొత్తగా పెంచవు.

చట్టం, కేసులు

ఉత్తర ప్రదేశ్ లఖింపూర్ ఖీరీ జిల్లాలో కల్తీ చేస్తున్న బంకుపై చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్ 2005 నవంబరులో హత్యకు గురయ్యాడు. కల్తీ వెనుక ఉన్నది పన్నుల తేడా. తెలంగాణలో పెట్రోలుపై 35.20 శాతం వ్యాట్ ఉంది. కేంద్ర ఎక్సైజు సుంకం దీనికి అదనం. ద్రావణులు మాత్రం 2017 నుండి జీఎస్టీ పరిధిలో ఉన్నాయి. ఒకప్పుడు రాయితీ కిరోసిన్ ధర కూడా కల్తీకి ఇటువంటి ఆకర్షణే. అందుకే దానికి నీలిరంగు కలిపేవారు.

నిత్యావసర వస్తువుల చట్టం, 1955 క్రింద కేంద్రప్రభుత్వం 2000లో నాఫ్తాపై ఒకటి, ద్రావణులపై మరొకటి ఉత్తర్వులు జారీ చేసింది. వాహనాలలో వాడకాన్ని నివారించడమన్న మాట ఆ రెండింటి పేరులోనే ఉంది. ఈ చట్టం ప్రకారం 3 నెలల నుండి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ద్రావణిని అద్భుతంగా చూపించిన వ్యవహారాలలో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళైది ప్రసిద్ధమైనది. మూలికలతో పెట్రోలు చేశానని 1996లో ఆయన ప్రకటించగా దేశమంతా చర్చ జరిగింది. తరువాత మూలికా ఇంధనం పేరిట ఆయన అమ్మినది టోలుయీన్, నాఫ్తా వంటి వాటి మిశ్రమమని సీబీఐ తేల్చింది. 2016 అక్టోబరులో చెన్నై న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళ కఠిన కారాగార శిక్ష విధించింది.

గుర్తించే పద్ధతులు

బంకులో వడపోత కాగితం అడిగి దానిపై ఒక చుక్క పెట్రోలు వేయవచ్చు. రెండు నిమిషాలలో మరక లేకుండా ఆరిపోవాలి. కిరోసిన్ కలిసి ఉంటే మరక మిగులుతుంది. నాఫ్తా, ఎసిటోన్ మాత్రం మరక లేకుండానే ఆరిపోతాయి గనుక ఈ పరీక్షకు దొరకవు. రెండవది సాంద్రత పరీక్ష. 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసిన సాంద్రత, బంకులో నమోదైన విలువకు ఘనపు మీటరుకు 3 కిలోగ్రాములకు మించి తేడాగా ఉండరాదు. బరువైన టోలుయీన్, తేలికైన నాఫ్తా తగుపాళ్ళలో కలిపితే సాంద్రత కూడా సరిపోతుంది. అటువంటి మిశ్రమాన్ని స్వేదన పరీక్ష, ఆక్టేన్ కొలత, గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా ప్రయోగశాలలోనే పట్టుకోగలరు.