దిగబోయి మళ్లీ ఎగిరిన విమానం

నేలను తాకబోతున్న విమానం ఉన్నట్టుండి గర్జించి పైకి లేస్తే లోపలివారి గుండెలు జారడం సహజమే. వైమానికులు దీనిని ‘గో అరౌండ్’ అంటారు. పైలటుకు చేతకాక అలా చేశాడని మనవాళ్లు గొణుగుతారు. చరిత్ర చెప్పేది వేరు.

మా మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ముందు బండి కదలకపోతే వెనుక బండివాడు పగ్గాలు బిగబట్టి ఆగుతాడు. ప్రయాణికుల విమానానికి ఆ వెసులుబాటు లేదు. వేగం పోతే అది గాలిలో నిలువలేదు. కనుక ఆకాశంలో ‘ఆగు’ అంటే ‘పైకి లేచి చుట్టి రా’ అనియే అర్థం. రద్దీ విమానాశ్రయాలలో విమానాలు కొద్ది మైళ్ల ఎడంతో వరుసగా దిగుతాయి. ముందు దిగినది రన్‌వేను వీడడం ఆలస్యమైతే వెనుకదానిని నియంత్రణ గోపురంవారు పైకి పంపుతారు. వేగమూ ఎత్తూ కుదరకపోయినా, నిర్ణీతమైన ఎత్తుకు దిగేసరికి రన్‌వే కనబడకపోయినా, పైలటే ఆ నిర్ణయం తీసుకొంటాడు.

మన తెలుగునాట దీనికి మరపురాని ఉదాహరణ 1993 నవంబరు 15న జరిగింది. మద్రాసు నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 బేగంపేటలో దిగబోయి, సరిగా కనబడక పైకి లేచింది. అంతవరకు చేసినది సబబే. అయితే రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాపులు తిరిగి ముడుచుకొనలేదు. నెమ్మదిగా దిగేటప్పుడు విమానాన్ని నిలబెట్టే ఆ ఫ్లాపులే, దూరప్రయాణంలో గాలిని అడ్డగించి ఇంధనాన్ని హరిస్తాయి. ఆ స్థితిలోనే విమానం మద్రాసుకు మరలింది. దారిలో ఇంధనం చాలక, తిరుపతి సమీపాన వరిపొలంలో దిగవలసివచ్చింది. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి వంటి సినీతారలతో సహా అందులోని 262 మందీ బ్రతికి బయటపడ్డారు. విమానం మాత్రం మరి పనికిరాలేదు.

మంగళూరు కథ దీనికి విలోమం. 2010 మే 22న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండవలసినదానికంటె ఎక్కువ ఎత్తున వచ్చింది. మళ్లీ పైకి లేద్దామని సహపైలటు మూడుమార్లు హెచ్చరించినా కెప్టెన్ దించడానికే పూనుకొన్నాడు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మరలి లేవడం తప్పు కాదు. లేచిన పిమ్మట చేతిలో ఎంత ఇంధనమున్నదో, ఎంత దూరం పోగలమో లెక్కించుకొనకపోవడం తప్పు. లేవవలసినవేళ లేవకపోవడం అంతకు మించిన తప్పు. పెద్దవాని మాటకు చిన్నవాడు అడ్డుచెప్పడమే కాదు, ఆ మాటను పెద్దవాడు చెవిని పెట్టడమూ విద్యలో భాగమే.

మిత్రులారా, ‘గో అరౌండ్’కు ‘మలిచుట్టు’ అన్న తెలుగుమాట ఎట్లుంటుందంటారు? ఇంతకంటె మంచిది తోస్తే వ్యాఖ్యలలో తెలుపగలరు.