ఇంటి ఆసరా లేని విమానాలు

మా ఆఫీసు చాంగీ బిజినెస్ పార్కులో ఉంది. మధ్యాహ్నం భోంచేసి బయటికొస్తే ఆకాశంలో విమానాలు కనిపిస్తూనే ఉంటాయి. నన్ను మేనేజర్ని చేసి ఆరు నెలలైంది. అప్పట్నుంచీ వాటిని చూసినప్పుడల్లా జె.వై. పిళ్లై గుర్తొస్తున్నారు.

ఈయన 1934లో మలయాలోని క్లాంగ్‌లో పుట్టారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు (మనలాగే!). తర్వాత సింగపూర్ ప్రభుత్వ ఉద్యోగి అయ్యారు. 1972లో మలేషియా-సింగపూర్ ఎయిర్‌లైన్స్ రెండుగా చీలింది. అటువాళ్లకి దేశం లోపలి మార్గాలు దక్కాయి. సింగపూర్ ఈ చివర నుంచి ఆ చివరకి యాభై కిలోమీటర్లు. లోపల ఎక్కడికని ఎగురుతాం? పది విమానాలు, 22 నగరాలు, అన్నీ పరాయి దేశాలే. ఆ కొత్త సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి ఛైర్మన్ పిళ్లై. 1996 దాకా ఆయనే.

ఆ రోజుల్లో చాలా దేశాలకి విమాన సంస్థ అంటే జెండా లాంటిది. నష్టమొస్తే ఖజానా ఉంది. ఇక్కడ మాత్రం ప్రధాని లీ క్వాన్ యూ ముందే తేల్చేశారు: పరువు కోసం నడపం, నష్టమొస్తే మూసేస్తాం.

నాకు బాగా నచ్చేది విమానాల విషయంలో ఆయన పాటించిన పద్ధతి. బాగా ఎగురుతున్న విమానాన్నే, ఇంకా మంచి ధర పలుకుతుండగా అమ్మేసి కొత్తది కొనడం. 1973 తర్వాత చమురు ధర మండిపోతోంది, కొత్తవాటికి ఇంధనం తక్కువ పడుతుంది, మరమ్మతులూ తక్కువే. 1978లో ఒకేసారి దాదాపు 90 కోట్ల డాలర్లకి బోయింగ్‌కి ఆర్డరిచ్చారు. ఈ చిన్న ఊరికి అంత అవసరమా అని ఎవరైనా అడిగి ఉంటారు.

అంతా ఆయన ఒక్కడి గొప్పే అనను. 1980లో పైలట్లు మొరాయిస్తే లీ క్వాన్ యూ స్వయంగా పిలిచి మాట్లాడారు. అలాంటి అండ ఎందరు మేనేజర్లకి దొరుకుతుంది?

మా టీములో పదకొండేళ్ల నాటి రిపోర్టింగ్ సిస్టమ్ ఒకటుంది. వారానికి రెండుసార్లైనా అర్ధరాత్రి పడిపోతుంది. ఒక కుర్రాడు తెల్లవారుజాము రెండింటిదాకా కూర్చుని లేపుతాడు. "నడుస్తోంది కదా" అని నాకు ముందున్నాయన వదిలేశాడు. ఆరు నెలలుగా నేనూ అదే అంటున్నాను. నిరుడు ఆ కుర్రాడికి పెళ్లయింది. కొత్తది కట్టడానికి ఎంతవుతుందో నిన్న రాత్రి లెక్క వేశాను. అంకె పెద్దదే. సోమవారం పదింటికి మా బాసుకి చూపించాలి.