దేశమాత బొమ్మకు గాయాలెలా వచ్చాయి

తమిళనాడులోని రాజపాళయం గోడలకు క్యాలెండర్లు దూరం నుంచి రానక్కర్లేదు. అదే విరుదునగర్ జిల్లాలోని శివకాశి దేశమంతటికీ వాటిని అచ్చువేస్తుంది. శతాబ్దాల కిందట తెలుగు నేల నుంచి వలసవచ్చి, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునే రాజు కులస్థుల ఊరిది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఇక్కడివారే. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన ఆయన సొంత ఇంటినే గాంధీ కళామండ్రానికి ఇచ్చేశారు. ఆయన తరానికి భారతమాత మాటల్లోనే కాదు, అచ్చుబొమ్మల్లోనూ ఎదురైంది.

ఆ బొమ్మ పుట్టింది ఒక కోత పడ్డ రోజుల్లోనే. 1905లో వైస్రాయ్ కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. అప్పుడే అవనీంద్రనాథ్ ఠాగూర్ నీటిరంగుల్లో ఒక స్త్రీని చిత్రించారు. మొదట వంగమాత అనుకున్న ఆమే భారతమాత అయింది. కాషాయం కట్టుకుంది. నాలుగు చేతుల్లో వరికంకులు, తెల్లబట్ట, జపమాల, పుస్తకం. ఆయుధం లేదు. తిండి, బట్ట, చదువు, భక్తి: తల్లి బిడ్డలకు ఇవ్వాల్సినవే ఉన్నాయి. నాకు ఇప్పటికీ అందరు దేశమాతల్లోనూ ఈమే దగ్గరగా అనిపిస్తుంది.

తమిళనాట కూడా బొమ్మ రాజకీయం మాట్లాడసాగింది. మరుసటి ఏడాది, రాజపాళయానికి ఆగ్నేయాన ఉన్న ఎట్టయపురంలో పుట్టిన కవి సుబ్రహ్మణ్య భారతి మద్రాసులో 'ఇండియా' వారపత్రిక చేపట్టారు. తమిళ పాఠకులకు రాజకీయ కార్టూన్ అలవాటైంది దానితోనే. 1908లో ప్రభుత్వం వెంటపడేసరికి పత్రికతో పాటు ఆయన పుదుచ్చేరి చేరారు.

నెత్తురు తర్వాత వచ్చింది. 1931 మార్చి 23న భగత్ సింగ్‌ను ఉరితీశాక, ఆయన తన తలను తానే పళ్ళెంలో పెట్టి భారతమాతకు అర్పిస్తున్న బొమ్మలు అచ్చయ్యాయి. ఉరితో పోయిన ప్రాణాన్ని చిత్రకారులు తెగిన తలగా చూపించారు. తెల్లదొరలు అలాంటి బొమ్మలను నిషేధించారు. క్రమంగా సింహం, త్రిశూలం, జెండా ఆమె పక్కన చేరాయి. 1936లో గాంధీజీ ప్రారంభించిన కాశీ భారతమాతా మందిరంలో విగ్రహమే లేదు, పాలరాతి పటం ఉంది. పదకొండేళ్లకే దేశం చీలింది. ఆ పటం మాత్రం అవిభక్త భారతానిదిగానే ఉండిపోయింది.

ఇతర దేశాలూ ఇలాగే గాయాన్ని బొమ్మకు తొడిగాయి. 1871లో ఫ్రాన్స్ ప్రాంతమైన అల్సాస్ జర్మనీ పాలయ్యాక పారిస్ వాళ్లు కాంకోర్డ్ కూడలిలో ఆ ప్రాంతపు ముఖ్య నగరం స్ట్రాస్‌బర్గ్ ప్రతిమకు నల్లబట్ట కప్పారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా అది సంతాపంలోనే ఉంది.

ఈ కాలపు బొమ్మల్లోనూ ఆ పద్ధతి ఉంది. జపాన్‌కు చెందిన హిదెకాజ్ హిమారుయా గీసిన 'హెటాలియా' కామిక్స్‌లో దేశాలే మనుషులు, ఎక్కువమంది కుర్రాళ్లు. చైనా వీపు మీద పెద్ద మచ్చ, అది జపాన్ చేసిన గాయం. ఎన్ని ఊళ్లు కాలిపోయాయో, ఎంతమంది చనిపోయారో ఆ ఒక్క మచ్చలో ఇమడదు. జపాన్ వలసపాలన అనుభవించిన కొరియన్లకు తమ దేశాన్ని నవ్వుల పాత్రగా చూపడం మింగుడు పడలేదు. 2009 జనవరిలో వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. జపాన్‌లోని కిడ్స్ స్టేషన్ చానెల్ ఆ కామిక్స్ యానిమేషన్ ప్రసారాన్ని విరమించుకుంది. కొరియా పాత్ర ఆ యానిమేషన్‌లో కనిపించనే లేదు. ఆ కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. గాయం తిన్నవాళ్ల మనవలు ఆ బొమ్మను చూస్తున్నారు మరి.