పెనుకొండ దాటాక రెండు దార్లు

హిందూపురం నుంచి ధర్మవరానికి రైల్లో తిరిగేవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. పెనుకొండ దాటాక లైను రెండుగా చీలుతుంది. ఒకటి 1890ల నాటి పాత దారి. మీటర్ గేజ్‌గా మొదలై తర్వాత బ్రాడ్ గేజ్ అయింది, నాగసముద్రం మీదుగా పోతుంది. రెండోది 2000లో వచ్చింది, ప్రశాంతి నిలయం స్టేషన్ మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. అంతకుముందు పుట్టపర్తి వెళ్ళేవాళ్ళు పెనుకొండలోనో ధర్మవరంలోనో దిగి రోడ్డు మీద పోవాల్సిందే. ఏ దారిన పోయినా ధర్మవరంలో మళ్ళీ కలిసిపోతాం.

కంపైలర్ పని చేసేవాడికి ఇది చూస్తే ఇఫ్-ఎల్స్ గుర్తు రాక మానదు. ఈ మధ్య ఒక కోడ్ మార్పుని రివ్యూ చెయ్యాల్సొచ్చింది. కొన్ని ఇఫ్‌లని బ్రాంచిగా ఉంచకుండా కండిషనల్ మూవ్‌గా, అంటే మనం సీమూవ్ అనేదానిగా, మార్చడమే ఆ మార్పు. చూడ్డానికి ముప్ఫై లైన్లు కూడా లేదు. కానీ దాని వెనక నలభై ఏళ్ళ గొడవ ఉంది.

బ్రాంచి అంటే పెనుకొండ దగ్గర పాయింట్లు వెయ్యడం. ప్రాసెసర్ రైలు ఆగదు కాబట్టి, సిగ్నల్ రాకముందే ఏదో ఒక దారి ఊహించి పోనిచ్చేస్తుంది. ఊహ తప్పితే వెనక్కి రావాలి. ఈ కాలం ప్రాసెసర్లలో ఆ ఖర్చు సుమారు 15-20 సైకిళ్ళు. సీమూవ్ వరస వేరు. రెండు దార్లలోనూ చెరో రైలు పంపిస్తాం. ధర్మవరంలో రెండూ వచ్చాక కావాల్సిన దాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేస్తాం. వెనక్కి రావడం అన్న మాటే లేదు. భలే ఉంది కదా?

రెండు చిక్కులున్నాయి. పారేసే రైలు దారిలో ఎక్కడా సరుకు దించకూడదు, అంటే మెమరీలో ఏమీ రాయకూడదు, నల్ పాయింటర్ని ముట్టుకుని పడిపోకూడదు. ఇది కంపైలర్ చూసుకుంటుంది. రెండోదే అసలు తలనొప్పి. రెండు రైళ్ళూ వచ్చేదాకా ధర్మవరం నుంచి ఏదీ కదలదు. చుట్టుదారి రైలు మెమరీ కోసం ఆగిపోతే, మనకి దాంతో పని లేకపోయినా కూర్చోవాల్సిందే.

1985 నాటి మొదటి ఆర్మ్ చిప్‌లో దాదాపు ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ షరతు పెట్టుకోవచ్చు. 1992లో డెక్ ఆల్ఫాలో కండిషనల్ మూవ్ ఉంది. ఇంటెల్ వైపు 1995లో పెంటియం ప్రోతో వచ్చింది. ఇఫ్‌లని ఇలా మార్చే జీసీసీ ఫైలు మీద కాపీరైట్ 2000 నుంచి మొదలవుతుంది. పెంటియం 4 వచ్చిందీ, మన ప్రశాంతి నిలయం లైను వచ్చిందీ ఆ ఏడాదే. కాకతాళీయమే లెండి :)

పెంటియం 4లో సీమూవ్ నత్తనడక. 2007 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్ మెయిళ్ళలో, బ్రాంచిని బాగా ఊహించగలిగినప్పుడు సీమూవ్ వల్ల నష్టమే ఎక్కువని, కొలిచి మరీ వాదించాడు. నాకైతే అప్పుడు మొండి వాదన అనిపించింది. 2013లో జీసీసీ బగ్‌ల జాబితాలో సీమూవ్ వల్ల కోడ్ దాదాపు రెండింతలు నెమ్మదయిందని ఫిర్యాదు చేరాక నోరు మూసుకున్నా. 2011లో వచ్చిన 64 బిట్ల ఆర్మ్ కూడా ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ షరతు అన్న పద్ధతి వదిలేసి, ఎంపిక చేసే కొన్నింటినే ఉంచుకుంది. 2017లో ఎల్‌ఎల్‌వీఎంలో ఇంటెల్ వాళ్ళు ఏకంగా తిరుగు దారే వేశారు, లూపుల్లో సీమూవ్ లాభం లేదనిపిస్తే దాన్ని మళ్ళీ బ్రాంచిగా మార్చే పాస్. ఒక పాస్ ఇటు లాగుతుంది, ఇంకోటి అటు.

ఇంతకీ ఎవరు రైటు? ఇద్దరూ. కోడ్ చూసి చెప్పే విషయం కాదిది, డేటా చూసి చెప్పాలి. వరసలో పెట్టిన డేటా అయితే ప్రాసెసర్ ఇట్టే ఊహిస్తుంది, బ్రాంచే మేలు. కలగాపులగం అయితే సీమూవ్. కంపైలర్ దగ్గర డేటా ఉండదు, అదీ దాని ఖర్మ.

వేగం ఒక్కటే అయితే ఇంత చెప్పను. 2018లో స్పెక్టర్ బయటపడ్డాక, ఊహించి పరిగెత్తే రైలు దారిలో ఏం చూసిందో బయటివాడు కనిపెట్టచ్చని అందరికీ అర్థమైంది. రహస్య కీలతో పనిచేసే కోడ్‌ని బ్రాంచి లేకుండా రాయడం అంతకు చాలా ముందు నుంచే ఉన్న అలవాటు. 2024లో అలా జాగ్రత్తగా రాసిన కైబర్ ఎన్‌క్రిప్షన్ కోడ్‌ని క్లాంగ్ కొన్ని ఆప్షన్లతో బ్రాంచిగా మార్చేసింది, రన్ అయ్యే సమయం కొలిచి కీ లాగచ్చని చూపించారు. రాసినవాడి తప్పు లేదు. ఏదో ఒక రోజు ఎవరో రివ్యూలో "బాగుంది" అన్న మార్పే అది.

అందుకే నేను వెంటనే "బాగుంది" అనలేదు. మార్పు పంపిన కుర్రాడిని ఏ డేటాతో కొలిచావని అడిగా. వరసలో పెట్టిన డేటా, కలగాపులగం డేటా, రెంటితోనూ కొలిచి రమ్మన్నా. మెమరీ నుంచి లోడ్ ఉన్న లూపుని విడిగా చూపించమన్నా. వారం పట్టింది, కొంచెం చిరాకు పడ్డాడు కూడా. ఆ లూపు నెమ్మదయిందని అతనికే కనపడింది. లోడ్ ఉన్న చోట మార్చకూడదని ఒక షరతు చేర్చి మళ్ళీ పంపాడు. ఈసారి ఒప్పుకున్నా.