మార్ఫిన్ నుంచి లివింగ్ విల్ దాకా: మన ఆసుపత్రుల్లో చివరి రోజుల చరిత్ర

ఆర్టికల్ 21 మీద ప్రశ్న రాగానే మనందరం మేనకా గాంధీ, పుట్టస్వామి తీర్పులు రాసేస్తాం. గౌరవంగా చనిపోయే హక్కు దగ్గరికొచ్చేసరికి 2018 కామన్ కాజ్ తీర్పును ఒక్క లైనులో పెట్టి ముందుకెళ్లిపోతాం. నేనూ అంతే. పోయినేడాది మా తాతయ్య పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. వెంటిలేటర్ తీయమని అడగవచ్చో లేదో మా నాన్నకి తెలియదు. నోట్స్ రాసుకున్న నాకూ తెలియలేదు. అందుకే ఈసారి కొంచెం వెనక నుంచి మొదలుపెడుతున్నాను.

అసలు చిక్కు కోర్టులో కాదు, 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో మొదలైంది. దాని గురి మత్తుమందుల రవాణా మీద. కానీ క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ కూడా నల్లమందు నుంచే తయారవుతుంది కాబట్టి అదీ ఇరుక్కుంది. ఆసుపత్రి దాన్ని కొనాలంటే వేర్వేరు శాఖల లైసెన్సులు ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు అయిపోయేది. పైగా కనీసం 10 ఏళ్ల జైలు అనే మాట వింటే ఏ ఫార్మసీ నిల్వ పెడుతుంది? 12 ఏళ్లు తిరిగేసరికి దేశంలో వైద్యానికి మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మన నల్లమందు మాత్రం విదేశాల మందుల కంపెనీలకు ఎగుమతి అవుతూనే ఉంది. ఈలోగా మార్ఫిన్ ఎలా రాయాలో తెలియకుండానే ఒక తరం డాక్టర్లు చదువు ముగించారు. నా దృష్టిలో చట్టం కంటే ఇదే పెద్ద నష్టం. చట్టాన్ని 2014లో సవరించి ఒకే లైసెన్సు విధానం తెచ్చారు, అలవాటును సవరించడం అంత తేలిక కాదు.

దీనికి ఎదురు నిలిచింది కేరళ. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు చిన్న ఓపీగా మొదలుపెట్టిన పని, వాలంటీర్ల ద్వారా ఇళ్ల దాకా వెళ్లింది. 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించిన తొలి రాష్ట్రం కేరళే. మన దగ్గర హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది.

ఇక కోర్టులు. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో చనిపోయే హక్కు లేదన్నారు. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో హైకోర్టు అనుమతితో చికిత్స ఆపవచ్చన్నారు, కానీ ఆమెకు కాదు. ఏళ్ల తరబడి ఆమెను చూసుకున్న కేఈఎం ఆసుపత్రి సిబ్బంది అందుకు ఒప్పుకోలేదు. 2018లో లివింగ్ విల్‌కు గుర్తింపు వచ్చింది. అయితే ఆసుపత్రి బోర్డు, ఆపైన కలెక్టర్ వేసే బోర్డు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ స్వయంగా వచ్చి రోగిని చూడటం! మనం అవ్వాలనుకుంటున్న ఆ కలెక్టరే. ఐసీయూ బిల్లు రోజురోజుకీ పెరుగుతుంటే ఇదంతా ఎవరు నడిపిస్తారు? 2023 జనవరిలో సుప్రీంకోర్టే దీన్ని తగ్గించింది. లివింగ్ విల్‌కు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. రెండో బోర్డునూ ఆసుపత్రే వేస్తుంది, అందులో ఒక డాక్టర్‌ను జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేస్తారు. వీలైనంతవరకు ఒక్కో బోర్డు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి.

మా తాతయ్య ఉన్నచోట ఆ పదకొండు రోజుల్లో ఏ బోర్డు గురించీ ఎవరూ చెప్పలేదు. నొప్పిగా ఉందా అని కూడా ఆయన్ని ఎవరూ అడగలేదు. జీఎస్-2లో ఈ టాపిక్ వస్తే 2018తో మొదలుపెట్టకండి, 1985తో మొదలుపెట్టండి.